మూడో సంతకం

సోమవారం సాయంత్రం ఆరు దాటిందంటే మా ఊరు రోవాల్యోలో ముప్ఫై మంది ఇళ్ళల్లో దొరకరు. ఎక్కడుంటారో వెతకాల్సిన పని కూడా లేదు. చర్చి వెనక బారు, బారు వెనక పొడుగాటి గది, ఆ గది గోడల నిండా రేసు కారు డ్రైవరు లోరిస్ జనబోని ఫోటోలు. అతని అభిమానుల క్లబ్బు అది. రేసు ఆదివారంతో అయిపోతుందని లోకం అనుకుంటుంది. మావాళ్ళకి మాత్రం సోమవారమే అసలు రేసు. తెర మీద వేస్తారు, ఆపుతారు, వెనక్కి తిప్పుతారు. ఒకణ్ణి డ్రైవరు తరఫున లాయరుగా నిలబెడతారు, ఇంకొకణ్ణి తీర్పరి కుర్చీలో కూర్చోబెడతారు. ఓడినవాడు అందరికీ తెల్ల వైను పోయించాలి. ఇరవై ఏళ్ళుగా ఇదే తంతు, ఇదే గోల, ఇవే నవ్వులు.

ఆ సోమవారం మాత్రం తీర్పరి కుర్చీలో ఎవరూ కూర్చోనన్నారు. కుర్చీ ఖాళీగా ఉండిపోయింది.

మూల బల్ల దగ్గర ఎర్సీలియా సలామీ మాంసం ముక్కలు కోస్తోంది. క్లబ్బు అధ్యక్షుడు ఒరెస్తే మజ్జోని భార్య. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. ముప్ఫై నాలుగేళ్ళ కింద కోమో సరస్సు అవతలి కొండల్లోంచి కోడలిగా వచ్చింది, అప్పట్నుంచీ మా ఊళ్ళో ఆమె సిన్యోరా మజ్జోనియే, అంటే మజ్జోనిగారి భార్యే. రేసులున్న శని ఆదివారాలు ట్రాక్ ఆఫీసుకి వెళ్తుంది. అక్కడేం చేస్తావని అడిగిన వాళ్ళు లేరు. కాయితాలు చూస్తుందని, కాఫీలందిస్తుందని వాళ్ళకి వాళ్ళే అనేసుకున్నారు. ఆమె కూడా దిద్దలేదు.

దిద్దకపోవడమే తప్పయింది. ఎందుకంటే మార్చి నుంచీ ఆమె ఆ ట్రాక్ మీద రేసుకి ముగ్గురు చొప్పున వంతులవారీగా కూర్చునే తీర్పరుల్లో ఒకతె. నిన్న మధ్యాహ్నం మూసిన గదిలో కూర్చుని లోరిస్ జనబోనికి పది సెకన్ల పెనాల్టీ వేసిన ముగ్గురిలో ఆమె ఉంది. ఈ గదిలో ఆ సంగతి తెలిసింది ఒక్క ఒరెస్తేకే.

"చూడండ్రా, కళ్ళు పెట్టుకుని చూడండి," అన్నాడు తార్చీజియో. మాంసం కొట్టువాడు, మనిషి ఎంత ఉంటాడో గొంతూ అంతే. తెర ముందు నిలబడి ఇరవయ్యోసారో ముప్ఫయ్యోసారో వెనక్కి తిప్పాడు. ఆఖరి చుట్టు, మొదటి మెలిక మలుపు. ఆస్ట్రియా వాడి తెల్ల కారు ముందుంది. వెనకాలే మన లోరిస్ ఎర్ర కారు, లోపలి వైపు నుంచి దూసుకొచ్చింది. టైరు టైరుకి తగిలింది. తెల్ల కారు గిర్రున తిరిగి కంకరలో పడింది. లోరిస్ మొదటివాడుగా గీత దాటాడు. రెండు గంటల తర్వాత కాయితం అంటించారు, పది సెకన్లు. మొదటివాడు ఐదోవాడయ్యాడు. ఏడాది టైటిల్ చేతిలోంచి జారిపోయింది, టైటిలొస్తే తీసుకుంటామన్న ఇంగ్లీషు టీము ఈ పొద్దున్నే ఆ ఆస్ట్రియా వాణ్ణి తీసేసుకుంది.

"వాడు బ్రేకు ముందే తొక్కాడు. కావాలనే తొక్కాడు. వెనకొచ్చేవాడు గాల్లోకి లేవాలా?"

"ముందే ఎక్కడ తొక్కాడు తార్చీజియో, యాభై మీటర్ల బోర్డు దగ్గర తొక్కాడు. అందరూ తొక్కే చోటే," అంది దీల్వా. బడిలో లెక్కలు చెప్పి రిటైరైన టీచరమ్మ. గదిలో సగం మంది చెవులు ఆమె చేతిలో ఎర్రబడ్డవే. "పక్కపక్కన వస్తే సగం మలుపు నీది, ఒప్పుకుంటాను. మనవాడి ముందు చక్రం వాడి వెనక చక్రం దాకా కూడా రాలేదు. అక్కడ మలుపు మనది ఎలా అవుతుంది?"

"మీరు ఏ క్లబ్బులో ఉన్నారో ఓసారి గుర్తు చేసుకోండి టీచరుగారూ."

"క్లబ్బు సంగతి వేరు, చక్రం సంగతి వేరు."

"ఆహా! మేలో ఇదే మలుపు దగ్గర ఆ ఆస్ట్రియా వాడు ఇదే పని చేస్తే ఏం వేశారు? మందలింపు! ఉత్త మందలింపు! ఒకడికి చీవాట్లు, ఇంకొకడికి ఉరితాడా?" తార్చీజియో బల్ల మీద గుద్దాడు. గ్లాసులు ఎగిరిపడ్డాయి. "ఒకే తప్పుకి ఒకే శిక్ష ఉంటే నోరు మూసుకుని కూర్చుంటాం కదా!"

ఆ మాటలో నిజం లేకపోలేదు. మేలో ఆ మందలింపు వేసింది వేరే ముగ్గురు. ఎర్సీలియాకి అప్పుడే అది తక్కువనిపించింది. కానీ ఆ మాట ఇక్కడ అనడానికి ఏ నోటితో అంటుంది?

"ఇంగ్లీషు టీముకి వెళ్ళిపోదామనుకున్నవాడు మనకేమవుతాడు గానీ," వెనక నుంచి ఎవరో గొణిగారు. "ఎనిమిదేళ్ళు మనం గొంతులు చించుకుంటే, రేపు పచ్చ కారెక్కి పోయేవాడు."

"ఎవడ్రా అది? లేచి నిలబడి అను!" నెవియో కుర్చీ తన్నుకుని లేచాడు. టైర్ల షాపు నడుపుతాడు, ఇరవయ్యారేళ్ళు, మోచేతి నుంచి మణికట్టు దాకా లోరిస్ కారు నంబరు పొడిపించుకున్నాడు. "పచ్చ కారెక్కినా నల్ల కారెక్కినా లోరిస్ లోరిసే. వర్షంలో తడిసి వచ్చి ఈ బల్ల మీదే కూర్చుని మనతో రిజోత్తో అన్నం తిన్నాడు. ఏ డ్రైవరు తిన్నాడు? అలాంటివాడి నోటి దగ్గర ముద్ద ముగ్గురు ముసలాళ్ళు లాక్కున్నారు."

ఎవరూ లేచి నిలబడలేదు. దీల్వా కూడా కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఊరుకుంది.

నెవియో ఫోన్ తీసి తెరకి కలిపాడు. నోటీసు బోర్డు మీద అంటించిన కాయితం ఫోటో అది. కింద మూడు సంతకాలు, పక్కన టైపు చేసిన పేర్లు. ఎర్సీలియా చేతిలో కత్తి ఆగిపోయింది.

"మొదటివాడు రోము నుంచి వచ్చే పెద్దాయన. ఎప్పుడూ ఐదు సెకన్లకి మించడు. రెండోవాడు టొరీనో పాత డ్రైవరు, వాడికి మన టీమంటే పడదు, వాడు పదే అంటాడు. అంటే తేల్చింది ఎవరు? ఈ మూడోవాడు." వేలు తెర మీద పెట్టాడు. "ఎ. కల్దెరారి. ఎవడీ కల్దెరారి?"

అచ్చంగా జరిగింది అదే. పెద్దాయన ఐదన్నాడు, టొరీనో ఆయన పదన్నాడు. ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. ఎర్సీలియా ఆ దృశ్యం పదకొండుసార్లు వేయించుకుని చూసింది. ఆదివారం పొద్దున్నే పెద్దాయనకి చెప్పే కూర్చుంది, మా ఆయన ఈ డ్రైవరు క్లబ్బుకి అధ్యక్షుడండీ అని. చూసింది చూసినట్టు చెప్పగలవా అని ఆయన అడిగితే చెప్పగలనంది. చెప్పింది. పది.

మా దేశంలో ఆడదానికి పెళ్ళయినా కాయితాల మీద పుట్టింటి పేరే ఉంటుంది. బ్యాంకులో, ఆసుపత్రిలో, ఓటరు జాబితాలో అంతా అదే. కానీ ఊరి నోట్లో మాత్రం మొగుడి పేరు పడిపోతుంది, పాతికేళ్ళు గడిచాక పుట్టింటి పేరు తలిచే దిక్కుండదు. ఆ గదిలో ముప్ఫై మందికీ తమ తమ పెళ్ళాల పుట్టింటి పేర్లు తెలుసు. పక్కవాడి పెళ్ళానిది ఒక్కడికీ తెలీదు. పైగా తీర్పరంటే కోటు వేసుకున్న మొగాడేనని ఒక్కడికీ అనుమానం లేదు.

"సిన్యోరా!" నెవియో గభాల్న ఆమె వైపు తిరిగాడు. "మీరు ఆ ఆఫీసులోనే ఉంటారు కదా. వీడు ఎలా ఉంటాడు? కాఫీ ఇచ్చే ఉంటారు."

ముప్ఫై తలలు తిరిగాయి. వీళ్ళందరూ ఎర్సీలియాకి కావలసినవాళ్ళే. అత్తగారు పోయినప్పుడు శవపేటిక మోసింది తార్చీజియో. ఆపరేషనప్పుడు నెలరోజులు వండి పంపింది దీల్వా. నేనే అనేద్దామనుకుంది. నోరు తెరిచింది కూడా.

"ఓర్సేనాలో ఒకాయన ఉన్నాడు," అన్నాడు ఒరెస్తే.

అందరూ అటు తిరిగారు. ఒరెస్తే వైను గ్లాసులోకే చూస్తున్నాడు.

"ఎత్తోరే కల్దెరారి. సర్వేయరుగా చేసి రిటైరయ్యాడు. మా స్థలం కొలిచాడొకప్పుడు. ఆయనే అయ్యుండొచ్చు."

"ఎ అంటే ఎత్తోరే!" తార్చీజియో చప్పట్లు కొట్టాడు. "పక్క ఊళ్ళో పెట్టుకుని రోములో వెతుకుతున్నాం చూడు!"

అప్పుడు అన్నాడు నెవియో, మెల్లగా, కిరాణా సామాను చెప్పినట్టు. "శనివారం జెండా కట్టొద్దాం."

ఎవరూ కాదనలేదు.

ఈ జెండా సంగతి చెప్పాలి. రేసులో నల్ల జెండా చూపించారంటే ఆ డ్రైవరు పని అయిపోయినట్టు, కారు పక్కకి తీసి ఇంటికెళ్ళాలి. మావాళ్ళు దాన్ని ఊళ్ళోకి తెచ్చారు. మా క్లబ్బు ఎవరి గేటుకైనా నల్ల జెండా కట్టిందంటే, ఆ మనిషిని బొంజోర్నో అని పలకరించేవాళ్ళుండరు, బారులో కాఫీ పొయ్యరు. మొదట్లో నవ్వులాటే. ఒక్క వారం కట్టి విప్పేసేవాళ్ళు. మూడేళ్ళ కింద మందుల షాపాయన లోరిస్‌ని టీవీలో తాగుబోతన్నాడని కట్టారు. అది విప్పలేదు. ఆయన కుక్క కాలవలో తేలింది. ఎవరు చేశారో ఎవరూ అడగలేదు. నాలుగు నెలల్లో ఆయన షాపు మూసుకుని ఊరు దాటిపోయాడు. ఇప్పటికీ ఆ సంగతెత్తితే మావాళ్ళు వాతావరణం గురించి మాట్లాడతారు.

ఇంటికొచ్చాక ఎర్సీలియా కోటు కూడా విప్పలేదు.

"ఎందుకు చెప్పావు ఆయన పేరు?"

"నీ పేరు చెప్పమంటావా?"

"ఏ పేరూ చెప్పకుండా ఉండొచ్చుగా!"

"వాళ్ళు నిన్ను అడిగారు. నీ మొహం నాకు కనపడింది. ఇంకో క్షణం ఆగితే కక్కేసేదానివి." ఒరెస్తే కుర్చీలో కూలబడ్డాడు. "ఆ ముసలాయన్ని ఏం చేస్తారు? రెండు ఫోన్లు చేస్తారు, నాలుగు తిట్లు తిడతారు, చల్లారిపోతారు. నిన్నయితే వదలరు. నువ్వు మనదానివి కాబట్టే వదలరు. అర్థమవుతోందా?"

"మందుల షాపాయన్ని ఏం చేశారో నీకు తెలుసు."

"ఆ కుక్క సంగతి నాకు తెలీదు."

"నేను కుక్క పేరెత్తలేదు ఒరెస్తే."

అతను లేచి కిటికీ తలుపు బిగించాడు. అటు తిరిగే అన్నాడు, "ఐదు వేసుంటే సరిపోయేది. ఐదు వేస్తే రెండోవాడయ్యేవాడు, టైటిల్ మిగిలేది. నువ్వు పది వేశావు. నా పెళ్ళానివని ఎవరైనా వేలు చూపిస్తారని పది వేశావా, ఏంటి?"

అది సూటిగా తగిలింది. ఆదివారం నుంచీ ఆ ప్రశ్న తనని తాను అడుగుతూనే ఉంది కాబట్టి తగిలింది. పడుకుంటే ఆ చక్రాలే కళ్ళ ముందు. కానీ ఎన్నిసార్లు చూసినా ఎర్ర చక్రం తెల్ల చక్రం పక్కకి రాలేదు.

"ఎవడికి టైటిల్ మిగలాలో చూసి వెయ్యలేదు," అంది. "చూసింది వేశాను."

"అయితే అనుభవించు," అన్నాడు. వెంటనే నాలిక్కరుచుకున్నాడు, దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యేశాడు. ఆమె ఆ చెయ్యి తీసెయ్యలేదు. తీసేస్తే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకుంది.

మంగళవారం ఓర్సేనాలో ఎత్తోరే కల్దెరారి ఇంటి గోడ మీద ఎర్ర రంగుతో 'దొంగ' అని రాశారు. ఆ ఫోటో క్లబ్బు ఫోన్ గ్రూపులో పెట్టారు. బుధవారం ఆయన కారు నాలుగు టైర్లూ కోశారు. "కొత్తవి వేయించుకోవడానికి నా దగ్గరికే రావాలి పాపం," అని నెవియో రాస్తే నలభై నవ్వు బొమ్మలు పడ్డాయి. అందులో ఒకటి దీల్వాది. ఎర్సీలియా ఆ బొమ్మ వైపు చాలాసేపు చూసింది. లెక్క తప్పని తెలిసిన మనిషి కూడా రైటు కొట్టేసిందే అని ఒళ్ళు మండింది.

ఎత్తోరేకి ఫోన్ చేసింది, ఎత్తలేదు. ఎన్ని బెదిరింపులు విన్నాడో, ఎందుకెత్తుతాడు? పోలీసులకి చెబుదామంటే, మా ఊరి చౌకీలో ఫోనెత్తే మనిషి సోమవారాలు మా గదిలో రెండో వరసలో కూర్చుంటాడు.

గురువారం పొద్దున వంటింట్లోకి వెళ్తే ఒరెస్తే ఇస్త్రీ చేస్తున్నాడు. ముప్ఫై నాలుగేళ్ళలో ఒక్క చొక్కా ఇస్త్రీ చేసుకున్న మనిషి కాదు. బల్ల మీద నల్ల జెండా పరిచి, మడతలు పోయేదాకా జాగ్రత్తగా రుద్దుతున్నాడు. ఆమెని చూసి ఆపలేదు.

"నువ్వు కూడా వెళ్తున్నావా?"

"అధ్యక్షుణ్ణి. నేను వెళ్ళకపోతే ఎందుకు రాలేదంటారు."

"ఒరెస్తే, ఆయన ఏ పాపం ఎరగడు."

"తెలుసు," అన్నాడు. ఇస్త్రీపెట్టె ఆవిరి బుస్సుమంది. "అరగంట. అరగంటలో అయిపోతుంది. ఇక ఎవరూ ఆ పేరు వెతకరు. నువ్వు వచ్చే ఏడు ఆ తీర్పరి లైసెన్సు మానుకో. మనం హాయిగా ఉందాం."

ఆ 'హాయిగా' అన్న మాట వినగానే ఎర్సీలియా అతని మొహంలోకి చూసింది. ఆయనకి నిజంగానే హాయిగా ఉంటుందని ఆమెకి తెలిసిపోయింది. అప్పుడు భయం వేసింది, వాళ్ళ గురించి కాదు, ఈయన గురించి.

శనివారం పదిన్నర బస్సెక్కింది. క్లబ్బు వాళ్ళు పన్నెండుకి బయలుదేరతారు.

ఎత్తోరే ఇల్లు ఓర్సేనా చివర, మూడు మెట్లెక్కితే తలుపు. గోడ మీద రంగు సగం గీకేసి ఉంది. గొలుసు తియ్యకుండా తలుపు సందు తెరిచాడు. డెబ్భై దాటినవాడు, సన్నగా, చేతిలో తోట పార. నాలుగైదు రోజుల నుంచీ గడ్డం గీసుకున్నట్టు లేదు.

"మోరెల్లీల సరిహద్దు గోడ సంగతేనా?" అన్నాడు, ఆమె నోరు తెరవకముందే. "ఆ కొలత సరైందేనమ్మా. నిన్న పొద్దున నేను మళ్ళీ వెళ్ళి కొలిచాను. ఒక్క సెంటీమీటరు తేడా లేదు. ఎవరు పంపారు మిమ్మల్ని?"

ఎర్సీలియాకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాలుగు రోజులుగా ఈ మనిషి పాత పటాలన్నీ తీసి, తను ఎక్కడ తప్పు కొలిచానా అని వెతుక్కుంటున్నాడు.

"మీ కొలతలో తప్పు లేదండీ," అంది. "నేను కూడా కల్దెరారినే. ఎర్సీలియా కల్దెరారి. వాళ్ళు వెతుకుతున్నది నన్ను."

గొలుసు తీశాడు. లోపల నిలబడే అంతా చెప్పింది, రేసు, పది సెకన్లు, సంతకం. ఆయనకి రేసుల గురించి ఒక్క ముక్క తెలీదు. కార్లు గుండ్రంగా తిరిగితే దానికి తీర్పరులెందుకని అడిగాడు. చివరికి, "మరి వాళ్ళకి నా పేరెవరు చెప్పారు?" అన్నాడు.

"మా ఆయన. ఒరెస్తే మజ్జోని."

"మజ్జోనియా? మీ స్థలం నేనే కొలిచాను. మీ అత్తగారు నాకు రొట్టె పెట్టారు." ముసలాయన మొహంలో అంతవరకూ ఉన్న భయం పోయి కోపం వచ్చింది. "పొండమ్మా. బయటికి పొండి. మీ ఇంటి చెత్త నా గుమ్మంలో పొయ్యకండి."

ఆ మాట న్యాయమైనదే. అప్పుడే రోడ్డు చివర హారన్లు వినబడ్డాయి. ఒకటి కాదు, పది పదిహేను, ఆగకుండా. గడియారం చూసింది. పన్నెండుకి ఇంకా పది నిమిషాలుంది, ముందే బయలుదేరారు.

"మీరు లోపలే ఉండండి," అని బయటికొచ్చి పై మెట్టు మీద నిలబడింది.

కార్లు రోడ్డుకడ్డంగా ఆగాయి. ముప్ఫై మంది అనుకుంటే యాభై మందున్నారు. ఎర్ర పొగ గొట్టాలు వెలిగించారు. తార్చీజియో చేతిలో పెద్ద బాకా, నెవియో చేతిలో పెయింటు డబ్బా. మెడలో ఎర్ర కండువా చుట్టుకుని దీల్వా టీచరమ్మ. అందరికంటే ముందు ఒరెస్తే, మోచేతి మీద మడతపెట్టిన జెండా. పొగలోంచి మెట్ల మీద ఉన్న మనిషిని చూసి ఆగిపోయాడు.

"సిన్యోరా?" నెవియో నవ్వాడు. "మాకంటే ముందే వచ్చేశారే! మీరూ వస్తారని అధ్యక్షుడు చెప్పనేలేదు."

"ఈయన కాదు," అంది ఎర్సీలియా. గట్టిగా మళ్ళీ అంది. "ఈయన రేసే చూడడు. ఆ సంతకం నాది. ఎ. కల్దెరారి నేను."

ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వు పాకింది.

"అయ్యో, కాఫీ ఇచ్చే మీరు పెనాల్టీలు కూడా ఇస్తారా?" అన్నాడు తార్చీజియో. "జాలి పడి అంటున్నారు సిన్యోరా. పక్కకి రండి, పొగ పడదు మీకు."

"ఒరెస్తే, నువ్వు చెప్పు," అంది.

ఒరెస్తే ఆమె మొహంలోకి చూడలేదు. "దాని మాటలు పట్టించుకోకండి," అన్నాడు. "మెత్తటి మనసు దానిది. ఎవరిని కొట్టినా దానికే దెబ్బ తగిలినట్టుంటుంది. ఎర్సీలియా, దిగిరా. ఇంటికెళ్దాం."

ఏం మొగుడు! ఆ ముక్క విని ఆమెకి ఏడుపు రాలేదు. సంచిలోంచి లైసెన్సు కార్డు తీసింది. ఫోటో, పేరు, కింద 'తీర్పరి' అని అచ్చులో ఉంది. మెట్లు దిగి నెవియో చేతిలో పెట్టింది.

నెవియో చదివాడు. పెయింటు డబ్బా కింద పెట్టి మళ్ళీ చదివాడు. "ఎర్సీలియా కల్దెరారి," అన్నాడు, ఈసారి అందరికీ వినబడేలా. కార్డు తార్చీజియో చేతిలోకి, అక్కణ్ణుంచి దీల్వా చేతిలోకి వెళ్ళింది. హారన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అరిస్తే బాగుండుననిపించింది ఎర్సీలియాకి. ఒక్కరూ అరవలేదు.

తార్చీజియో ఆమెని అడగలేదు. "ఒరెస్తే," అన్నాడు, ఎప్పుడూ లేనంత చిన్న గొంతుతో. "ఈయన పేరు మాకు చెప్పింది నువ్వు. నీకు తెలుసా?"

"నాకు తెలీదు." వెంటనే వచ్చింది జవాబు. "ప్రమాణపూర్వకంగా తెలీదు. ఆఫీసులో కాయితాలు చూస్తున్నానంది, నమ్మాను. నన్ను కూడా మోసం చేసింది."

దీల్వా కళ్ళద్దాల పైనుంచి ఎర్సీలియా వైపు చూసింది. బడిలో పిల్లల్ని చూసినట్టే చూసింది. "నువ్వు చెప్పమ్మా. ఆయనకి తెలుసా, తెలీదా?"

ఒక్క మాట. తెలీదంటే ఒరెస్తే వాళ్ళతో వెళ్ళిపోతాడు. సోమవారం మళ్ళీ ఆ గదిలో ముందు వరసలో కూర్చుంటాడు. మోసపోయిన మొగుడని జాలిపడి వైను పోస్తారు. మెల్లగా, ఏడాదికో రెండేళ్ళకో, ఆయన కోసమైనా ఆమెని కూడా ఊరు క్షమిస్తుందేమో. ఒరెస్తే ఇప్పుడు ఆమెనే చూస్తున్నాడు. కళ్ళతో అడుక్కుంటున్నాడు. మంచులో జారే రోడ్ల మీద ఆమెకి కారు నేర్పిన మనిషి, ఆపరేషన్ గది బయట రెండు రోజులు నిద్రపోకుండా కూర్చున్న మనిషి. ఆయన మీద ప్రేమ లేదని అనడానికి లేదు. అదే కదా ఏడుపు.

వెనక తలుపు సందులోంచి ముసలాయన కూడా వింటున్నాడు.

"తెలుసు," అంది ఎర్సీలియా. "మార్చిలో లైసెన్సు వచ్చిన రోజే చెప్పాను. ఎత్తోరేగారు కాదని తెలిసే ఆయన పేరు చెప్పాడు."

వెనకాల తలుపు మూసుకున్న చప్పుడు, ఆ వెంటనే గడియ పడిన చప్పుడు వినబడ్డాయి.

ఒరెస్తే ఆమెని తిట్టలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు ఎవరూ తోయకుండానే, ఎవరూ చెప్పకుండానే, అతని పక్క నుంచి తప్పుకున్నారు. ఇంతసేపూ భుజం రాసుకుని నిలబడ్డ వాళ్ళు రెండు మీటర్ల దూరంలో ఉన్నారు. ఎర్సీలియా నడిచి వెళ్ళి ఆ ఖాళీలో అతని పక్కన నిలబడింది. అతను జరగలేదు, దగ్గరికీ రాలేదు.

తార్చీజియో వచ్చి ఒరెస్తే మోచేతి మీంచి జెండా తీసుకున్నాడు. లాక్కోలేదు. చర్చిలో కానుకల పళ్ళెం అందుకున్నట్టు మర్యాదగా తీసుకున్నాడు. కార్ల తలుపులు తెరుచుకున్నాయి. ఒరెస్తే తార్చీజియో కారులో వచ్చాడు, ఆ కారులోకి అతన్ని ఎవరూ పిలవలేదు.

"ఇప్పుడెక్కడికి?" అన్నాడు నెవియో, పెయింటు డబ్బా ఎత్తుకుంటూ. "ముందు ఎవరింటికి?"

"ముందేమిటి, వెనకేమిటి," అన్నాడు తార్చీజియో. "ఇద్దరిదీ ఒకటే ఇల్లు."

కార్లు ఒక్కొక్కటే వెనక్కి తిరిగి రోవాల్యో వైపు వెళ్ళాయి. వాళ్ళిద్దరూ ఎక్కాల్సిన బస్సు రెండింటికి.